ముసలి పిల్లి నడక ఎందుకు తడబడుతోంది?

పెంపుడు జంతువుల ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యురాలి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు, వయసు మళ్లిన పిల్లుల నడకకు సంబంధించినవే. మూడింటిలోనూ కారణాలు వేరు. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా ఇంట్లో 14 ఏళ్ల ఆడ పిల్లి ఉంది, పేరు చిట్టి. నాలుగైదు నెలలుగా దాని నడకలో తేడా కనిపిస్తోంది. వెనక కాళ్లు టైల్స్ మీద పక్కకు జారిపోతున్నాయి. ఎప్పుడూ ఒక్క గెంతులో ఎక్కే కిటికీ గట్టు దగ్గరికి వెళ్లి, పైకి చూసి, కాసేపు నిలబడి వెనక్కి వచ్చేస్తోంది. ఈ మధ్య వేళ్ల మీద కాకుండా మడమలు నేలకు ఆనించి నడుస్తోంది. ఇక్కడి డాక్టరు గారు ఎక్స్‌రే తీయించి, ఎముకలు, కీళ్లు వయసుకు తగ్గట్టే ఉన్నాయని చెప్పి రెండుసార్లు విటమిన్ ఇంజక్షన్లు ఇచ్చారు. కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మొదటికి వస్తుంది. తిండి బాగానే తింటున్నా బరువు 4.2 కిలోల నుంచి 3.4 కిలోలకు తగ్గింది. నీళ్లు మాత్రం ఎక్కువగా తాగుతోంది. వయసైపోయింది, ఇక ఇంతేనని ఇంట్లో అంటున్నారు కానీ నాకు మనసొప్పడం లేదు. మా అత్తగారు మోకాళ్ల నొప్పులకు వేసుకునే మాత్రలో చిన్న ముక్క ఇవ్వవచ్చా?
– పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, మీరు చివర్లో అడిగినదానికి ముందు జవాబిస్తాను, ఎందుకంటే ఆ విషయంలో ఆలస్యం పనికిరాదు. మీ అత్తగారి మాత్ర చిట్టికి ఇవ్వకండి. ముక్కే కాదు, పొడి కూడా ఇవ్వకండి. పారాసిటమాల్‌ను హాని లేకుండా బయటికి పంపడానికి మన కాలేయం వాడుకునే మార్గం పిల్లి శరీరంలో దాదాపు లేదనే చెప్పాలి. అందువల్ల ఆ మందు విషంగా మారి, ఎర్ర రక్తకణాలు ప్రాణవాయువును మోయలేని స్థితి తెస్తుంది; చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం, పంజాలు వాస్తాయి, ఊపిరి అందదు. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయడానికి చాలు, అందులో పావు ముక్క కూడా క్షేమం కాదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కిడ్నీలను, కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి. మెలాక్సికామ్‌ను పశువైద్యులు పిల్లులకు వాడతారు కదా అని కొందరు మందుల షాపులో మనుషుల మాత్ర కొంటారు, 7.5 మిల్లీగ్రాముల ఆ చిన్న మాత్రలో, నాలుగు కిలోల పిల్లికి రోజూ ఇచ్చే మోతాదుకు ముప్పై రెట్లకు పైగా మందు ఉంటుంది. ఈపాటికే ఇంట్లో ఎవరైనా ఏదైనా ఇచ్చి ఉంటే, లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా మాత్రల అట్టతో సహా ఆసుపత్రికి వెళ్లండి. పారాసిటమాల్‌కు విరుగుడు ఉంది, కానీ ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.

ఇక అసలు విషయానికి వస్తాను. 14 ఏళ్ల పిల్లి అంటే మన లెక్కలో డెబ్బై దాటిన మనిషితో సమానమన్నది నిజమే. అయితే వయసు ఒక్కటే కాళ్ల పట్టు తప్పించదు; ఆ వయసులో వచ్చే ఏదో ఒక జబ్బు తప్పిస్తుంది, ఆ జబ్బుల్లో చాలావాటికి వైద్యం ఉంది. కాబట్టి మీకు మనసొప్పకపోవడమే సరైనది. మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యాలు మూడు: మడమలు ఆనించి నడవడం, తింటున్నా బరువు తగ్గడం, నీళ్లు ఎక్కువ తాగడం. ఈ మూడూ ఒకే పిల్లిలో కనిపిస్తే నేను మొట్టమొదట అనుమానించేది కీళ్లను కాదు, మధుమేహాన్ని. పిల్లి సహజంగా వేళ్ల మీద నడిచే జంతువు. రక్తంలో చక్కెర చాలా కాలం ఎక్కువగా ఉంటే వెనక కాళ్లకు వెళ్లే నరాలు దెబ్బతిని, మడమను పైకెత్తి ఉంచే బలం పోతుంది; అప్పుడు మడమ నుంచి వేళ్ల దాకా పాదమంతా నేలకు ఆనుతుంది. ఒకసారి చిట్టిని ఒళ్లో పడుకోబెట్టుకుని వెనక కాళ్ల మడమల అడుగున చూడండి. అక్కడ వెంట్రుకలు అరిగిపోయి చర్మం కనిపిస్తుంటే, ఈ నడక మీరు గమనించక ముందే మొదలైందని అర్థం. ఒక కాలికి మాత్రమే ఇలా జరిగితే మడమ పైనుండే స్నాయువు తెగిందేమోనని చూడాలి. రెండు కాళ్లకూ అయితే రక్త పరీక్ష తప్పనిసరి.

ఈ పరీక్షలో ఒక మెలిక ఉంది. భయపడిన పిల్లికి, జబ్బు లేకపోయినా, ఆసుపత్రి బల్ల మీద కూర్చోగానే రక్తంలో చక్కెర 300 దాకా పెరగవచ్చు. అందువల్ల ఒక్క రీడింగ్ చూసి షుగర్ ఉందని తేల్చకూడదు. దానితోపాటు మూత్రంలో చక్కెర ఉందేమో చూడాలి, వీలైతే ఫ్రక్టోసమైన్ పరీక్ష చేయించాలి. గడిచిన ఒకటి రెండు వారాల్లో చక్కెర సగటున ఎలా ఉందో అది చెబుతుంది, ఆ ఒక్క గంట భయం దాన్ని మార్చదు. మధుమేహమే అని తేలితే రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ ఇవ్వాల్సి ఉంటుంది. సూది చాలా సన్నగా ఉంటుంది, మెడ వెనక లేదా పక్కన వదులు చర్మంలోకి ఇస్తారు, తింటున్నప్పుడు ఇస్తే చాలా పిల్లులు తల కూడా ఎత్తవు. అన్నం తగ్గించి, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న ఆహారం పెడుతూ, త్వరగా చికిత్స మొదలుపెట్టిన పిల్లుల్లో కొన్నింటికి తర్వాత ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. నరాలు మాత్రం నిదానంగా కోలుకుంటాయి. కాళ్లలో తేడా కనిపించడానికి వారాలు, నెలలు పట్టవచ్చు, పూర్తిగా మునుపటి నడక రాకపోవచ్చు కూడా. అందుకని మధ్యలో నిరుత్సాహపడి ఆపకండి. ఇన్సులిన్ మొదలయ్యాక ఆహారంలో ఏ మార్పు చేయాలన్నా డాక్టరుకు చెప్పే చేయాలి, లేకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మరో మాట: పరీక్ష అయ్యేదాకా స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయించవద్దు. దానితో పిల్లి రెండు రోజులు చురుగ్గా కనిపిస్తుంది, కానీ షుగర్ ఉంటే అది మరింత పెరుగుతుంది.

చక్కెర మామూలుగా ఉంటే అదే రక్త నమూనాతో మరో రెండు మూడు విషయాలు తేలుతాయి. కిడ్నీలు నెమ్మదిగా దెబ్బతినడం ముసలి పిల్లుల్లో చాలా సాధారణం. అందులోనూ దాహం పెరుగుతుంది, బరువు తగ్గుతుంది, మూత్రంతో పాటు పొటాషియం పోయి కండరాలు బలహీనపడతాయి. పొటాషియం బాగా తగ్గిన పిల్లి తల ఎత్తలేక గడ్డాన్ని రొమ్ముకు ఆనించి కూర్చుంటుంది, కాళ్లు బిగుసుకుపోయినట్టు అడుగులు వేస్తుంది. పొటాషియం లోపమే కారణమైతే దాన్ని సరిచేయగానే కొద్ది రోజుల్లో తేడా తెలుస్తుంది. బాగా తింటూనే చిక్కిపోతున్న ముసలి పిల్లిలో థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం కూడా చూడవలసిన విషయమే, దానికి టి4 పరీక్ష చాలు. రక్తపోటు కూడా కొలిపించండి; ఉన్నట్టుండి గోడలకు తగులుతున్న పిల్లిలో తప్పు కాళ్లది కాక, రక్తపోటు వల్ల పోయిన చూపుది కావచ్చు.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు కాబట్టి కీళ్లను పక్కన పెట్టేయవచ్చా? పెట్టకూడదు. 2002లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలనలో, పన్నెండేళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలిస్తే 90 పిల్లుల్లో కీళ్ల అరుగుదల గుర్తులు కనిపించాయి. అంటే ఆ వయసులో కీళ్లు అరగడం అరుదు కాదు. వయసుకు తగ్గట్టే ఉన్నాయన్న మాటకు నొప్పి లేదని అర్థం కాదు. పైగా ఎక్స్‌రేలో కనిపించేదానికీ పిల్లి పడే బాధకూ పొంతన ఉండదు. బాగా అరిగిన తుంటితో హాయిగా తిరిగే పిల్లి ఉంటుంది, ఎక్స్‌రే శుభ్రంగా ఉండి కూడా మోచేయి ముట్టుకోనివ్వని పిల్లి ఉంటుంది. కుక్క నొప్పి వస్తే కుంటుతుంది; పిల్లి కుంటదు, పని మానేస్తుంది. గెంతడం మానేస్తుంది, ఇసుక తొట్టె అంచు దాటలేక దాని పక్కనే మూత్రం పోస్తుంది, నడుము వైపు మెడ తిప్పి నాక్కోలేక అక్కడ జుట్టు అట్టకడుతుంది. కిటికీ గట్టు దగ్గర చిట్టి పైకి చూసి ఆగిపోవడం నొప్పి అయినా కావచ్చు, బలహీనత అయినా కావచ్చు. ఈ రెండింటినీ వేరు చేయడం చేత్తో పరీక్షించే డాక్టరుకే సాధ్యం.

ఆ పరీక్ష సులభం కాదని నాకు తెలుసు, ఎందుకంటే ఆసుపత్రి గదిలో పిల్లి బల్లకు అతుక్కుపోతుంది, ఒక్క అడుగు వేయదు. అందుకని ఇంట్లోనే ఫోనుతో వీడియోలు తీయండి: నడుస్తున్నప్పుడు పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, మెట్లు దిగుతున్నప్పుడు ఒకటి, గట్టు ఎక్కబోయి ఆగిపోయినప్పుడు ఒకటి. నన్ను అడిగితే చాలా సందర్భాల్లో ఎక్స్‌రే కంటే ఆ నిమిషం వీడియో ఎక్కువ చెబుతుంది. బాగున్న రోజుల్లోవి, బాగాలేని రోజుల్లోవి రెండూ తీయండి. గోళ్లు కూడా చూడండి. ముసలి పిల్లి చెక్కల మీద గోకడం తగ్గిస్తుంది కాబట్టి పాత పొరలు రాలక గోళ్లు లావై, వంకర తిరిగి, అరికాలి మెత్తలోకి గుచ్చుకుపోతాయి. అడుగు తీసి అడుగు వేయలేకపోవడానికి అదొక్కటే కారణమైన పిల్లులను చూశాను. ఇంట్లో కుక్క ఉంటే, దానికి పిడుదుల కోసం వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి తగలడం వల్ల కూడా వణుకు, తూలడం వస్తాయి. అది నెలల తరబడి సాగే బాధ కాదు, అత్యవసరం. ఇవేవీ కాకపోతే నడుము దగ్గర వెన్నుపూస, నరాల వంక చూడాలి. తోక ఎత్తలేకపోవడం, తోక మొదట్లో నొక్కితే నొప్పి, మలమూత్రాల మీద పట్టు తప్పడం అటువైపు సూచించే గుర్తులు. మీ ఊళ్లో అన్ని పరీక్షలూ కుదరకపోతే గన్నవరంలోని పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు అందుబాటులో ఉంది. వెళ్లేముందు ఫోను చేసి, ఎక్స్‌రే ఫిల్ము, పాత చీటీలు అన్నీ తీసుకువెళ్లండి.

నొప్పే అని తేలితే పిల్లికి పనికివచ్చే మందులు లేకపోలేదు. పిల్లుల కోసమే తయారయ్యే మెలాక్సికామ్ ద్రావణాన్ని, కిడ్నీల పనితీరు చూసి, బరువును బట్టి చుక్కల లెక్కన ఇస్తారు. నరాల నొప్పి కూడా ఉందనిపిస్తే గబాపెంటిన్ వాడతారు. మొదటి రోజుల్లో కాస్త మత్తుగా ఉంటుంది. చేప నూనెలోని ఒమేగా-3 కొవ్వుల వల్ల కొంత మేలు జరుగుతుంది. కీళ్ల పొడులు, మాత్రల మీద నాకు అంత నమ్మకం లేదు. వాటికి పెట్టే డబ్బుతో ముందు రక్త పరీక్ష చేయించండి అంటాను.

పరీక్షల ఫలితాలు వచ్చేలోపు మీరు ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది. నున్నటి టైల్స్ బలహీనమైన కాళ్లకు శత్రువు. చిట్టి రోజూ తిరిగే దారిలో, ముఖ్యంగా తిండి గిన్నె నుంచి ఇసుక తొట్టె దాకా, జారని జనపనార పట్టాలో పాత యోగా మ్యాట్ ముక్కలో పరవండి. కిటికీ గట్టు కింద ఒక పీట, దాని పక్కన అంతకంటే ఎత్తైన మరొకటి కదలకుండా వేస్తే అది మళ్లీ తన చోటికి చేరుకుంటుంది. ఇసుక తొట్టెకు ఒకవైపు అంచును నాలుగు వేళ్ల ఎత్తుకు కోసేయండి. నీటి గిన్నెను వంగకుండా తాగేలా కాస్త ఎత్తులో పెట్టండి, ఇంట్లో రెండు మూడు చోట్ల పెట్టండి, దాహం ఎక్కువైంది కదా అని నీళ్లు మాత్రం ఎప్పుడూ తగ్గించకండి. వారానికోసారి బరువు రాసి పెట్టండి.

ప్రశ్న: పెరుగన్నం, పాలు, అప్పుడప్పుడు గుడ్డు తిని పెరిగిన మా 11 ఏళ్ల మగ పిల్లి నెల కిందట ఒక రాత్రి ఉన్నట్టుండి గట్టిగా అరిచి, వెనక కాళ్లు రెండూ ఈడ్చుకుంటూ వచ్చింది. అంతకుముందు సాయంత్రం దాకా బాగానే ఆడుకుంది. కాళ్లు మంచులా చల్లబడ్డాయి. కట్లపాము కరిచిందేమో అనుకున్నాం. తెల్లవారేసరికి పోయింది. దాని తోడబుట్టింది మా దగ్గరే ఉంది. దానికీ ఇలా అవుతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీకు కలిగిన కష్టానికి చాలా బాధపడుతున్నాను. మీరు వర్ణించిన తీరును బట్టి ఇది పాముకాటు కంటే, గుండెలో ఏర్పడిన రక్తపు గడ్డ కదిలి, నడుము దగ్గర పెద్ద ధమని రెండుగా చీలే చోట అడ్డుపడటమే అయివుంటుంది. కట్లపాము విషంతోనూ కాళ్లు చచ్చుబడతాయి, కానీ వాటిలో రక్తం ఆడుతూనే ఉంటుంది కాబట్టి వెనక కాళ్లు మాత్రమే అలా చల్లబడవు, రెప్పలు వాలడం వంటి గుర్తులు కూడా ఉంటాయి. రక్తపు గడ్డ అడ్డుపడినప్పుడు తీవ్రమైన నొప్పితో పిల్లి అరుస్తుంది, వెనక పాదాల మెత్తలు పాలిపోతాయి లేదా నీలంగా మారతాయి, తొడ లోపల నాడి దొరకదు. ఇది నిమిషాల్లో జరిగేది. రెండు కాళ్లూ పూర్తిగా పడిపోయిన పిల్లుల్లో చాలావాటిని ఆసుపత్రికి చేర్చినా కాపాడలేము. కాబట్టి ఆ రాత్రి ఇంకేదో చేసి ఉంటే బతికేదని మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. అయినా ఇలాంటి లక్షణాలు ఏ పిల్లిలో కనిపించినా, కాళ్లకు వేడి కాపడం పెట్టకుండా, మర్దన చేయకుండా, ఆ క్షణమే ఆసుపత్రికి బయలుదేరాలి. కనీసం నొప్పి తగ్గించడానికైనా.

రెండో పిల్లి విషయంలో చేయగలిగింది ఉంది. ఇలాంటి గడ్డలకు చాలాసార్లు మూలం గుండె కండరం మందమయ్యే జబ్బు, అది కొన్ని వంశాల్లో ఎక్కువ. స్టెతస్కోపుకు ఏ శబ్దమూ వినిపించకపోయినా జబ్బు ఉండవచ్చు కాబట్టి గుండె స్కాన్, అంటే ఎకో, తీయించండి. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రిలో అడిగి చూడవచ్చు. గుండె ఎడమ పై గది పెద్దదైందని తేలితే గడ్డ కట్టకుండా క్లోపిడోగ్రెల్ ఇస్తారు. గాఢనిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి; 30 దాటుతుంటే డాక్టరుకు చెప్పాలి. ఆహారం తక్షణం మార్చాలి. పిల్లికి టారిన్ అనే పోషకం మాంసం, చేపల నుంచే అందాలి. అది లేకపోతే గుండె సాగి బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు చూపించారు. లోపాన్ని సరిదిద్దితే ఆ రకం గుండె జబ్బు చాలావరకు నయమవుతుంది కూడా. పెరుగన్నంలో అది చాలినంత ఉండదు. మీ ఇంట్లో మాంసం వండకపోతే, టారిన్ కలిపి పిల్లుల కోసమే తయారుచేసిన ఆహారం కొని పెట్టండి. మీ నియమం మీది, కానీ పిల్లి శరీరం మాంసాహారానికే ఏర్పడింది.

ప్రశ్న: మా పదేళ్ల పిల్లి చిన్నప్పటి నుంచీ కోడి కార్జం తప్ప మరేదీ ముట్టదు. ఇప్పుడు మెడ తిప్పలేకపోతోంది, ముందు కాళ్లు బిగుసుకుపోతున్నాయి. పచ్చి చేపకు అలవాటు చేద్దామా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: కార్జంలో విటమిన్ ఏ చాలా ఎక్కువ. ఏళ్ల తరబడి అదే ప్రధాన ఆహారమైతే ఆ విటమిన్ ఒంట్లో పేరుకుపోయి, మెడ వెన్నుపూసల మధ్య, మోచేతుల చుట్టూ కొత్త ఎముక పెరిగి, పూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మీరు చెప్పిన లక్షణాలు దీనికి సరిగ్గా సరిపోతున్నాయి, మెడకు ఎక్స్‌రే తీయిస్తే తెలిసిపోతుంది. ఇప్పటికే పెరిగిన ఎముక కరగదు కానీ, కార్జం ఆపితే కొత్తగా పెరగడం ఆగుతుంది, నొప్పి తగ్గుతుంది. బలం కోసమని విటమిన్ టానిక్కులు మాత్రం మీరంతట మీరు పట్టకండి, వాటిలోనూ విటమిన్ ఏ ఉంటుంది. పచ్చి చేప సరైన ప్రత్యామ్నాయం కాదు. కొన్ని రకాల పచ్చి చేపల్లో విటమిన్ బి1ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది, ఆ లోపంతో పిల్లి తూలుతుంది, మెడ వాల్చేస్తుంది, మూర్ఛలు కూడా వస్తాయి. ఉడికిస్తే ఆ ఎంజైము పోతుంది కాబట్టి ముల్లు తీసి, ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి పెట్టవచ్చు. అయినా అదొక్కటే పెట్టకుండా, పిల్లులకు అన్ని పోషకాలూ సమంగా ఉండేలా తయారైన ఆహారానికి నెమ్మదిగా మార్చడమే మంచిది.

మార్చేటప్పుడు మొండితనం చేస్తుంది. కార్జాన్ని బాగా చిదిమి, కొత్త ఆహారంలో వాసన తగిలేంత కలిపి, గోరువెచ్చగా చేసి పెట్టండి; మూడు నాలుగు వారాల్లో కార్జం వంతు తగ్గిస్తూ రండి. మెడ వంగదు కాబట్టి గిన్నెను దాని రొమ్ము ఎత్తులో ఉంచండి. ఆకలేస్తే అదే తింటుందిలే అని పస్తు పెట్టే పద్ధతి పిల్లుల దగ్గర పనికిరాదు. రెండు రోజులు ఏమీ తినని పిల్లికి, అందులోనూ లావుగా ఉంటే, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే ఆ పూటకు పాత తిండే పెట్టి, డాక్టరుతో మాట్లాడి మళ్లీ మొదలుపెట్టండి.